రోగి మాట – మన రికార్డు

మానసిక వైద్యశాలలో మా మూడవ సంవత్సరపు క్లినికల్ పోస్టింగు జాబితాను నోటీసు బోర్డుపై పెట్టిన నాడు హాస్టలులో నవ్వులకు కొదువ లేకపోయినది. "వెళ్లినవాళ్లు తిరిగి వస్తారా?" అని ఒకరు, "నిన్ను మాత్రం అక్కడే ఉంచుకుంటారు" అని మరొకరు. హైదరాబాదు వారికి ఎర్రగడ్డ, కోస్తా వారికి విశాఖపట్నం ఎగతాళి మాటలుగా స్థిరపడి ఎన్నో ఏళ్లయినది. ఆ నవ్వులలో నేనూ పాలుపంచుకున్నానని ముందుగా ఒప్పుకోవడం న్యాయం.

పోస్టింగు ముగించి వచ్చిన తరువాత నాకు నవ్వు రాలేదు. ఒక అసంతృప్తి మాత్రం మిగిలినది. దానిని కళాశాల కమిటీ పెద్దల ముందు, తోటి విద్యార్థినీ విద్యార్థుల ముందు ఉంచడానికే ఈ వ్యాసం రాస్తున్నాను. మానసిక రోగితో మేము జరిపే సంభాషణను రికార్డు పుస్తకంలో రాసే పద్ధతి మారాలని నా అభిప్రాయం. రోగి ఏ భాషలో మాట్లాడితే ఆ భాషలోనే, అతడు పలికిన మాటలనే మేము రాయాలి. ఇప్పుడు మేము ఇంగ్లీషులో రాస్తున్నాము.

నర్సింగు శాఖకు చెందని పాఠకుల కొరకు కొంత వివరణ అవసరం. ఇతర వార్డులలో నర్సు చేతిలో సూది, థర్మామీటరు, కట్టుగుడ్డ ఉన్నట్లే మానసిక వార్డులో ఆమెకు మాట ఉన్నది. ఏ మాట పలకాలి, ఎప్పుడు మౌనంగా ఉండాలి, రోగి చెప్పినదానిని ఎట్లా అందుకోవాలి అన్నది శిక్షణతో అలవడే విద్య. మా గ్రంథాలు దీనిని థెరప్యూటిక్ కమ్యూనికేషన్ అంటాయి. మనము చికిత్సాత్మక సంభాషణ అనవచ్చు. ఈ విద్యకు పునాది వేసినవారిలో అమెరికా దేశపు నర్సు హిల్డెగార్డ్ పెప్లా ముఖ్యులు. ఆమె రచించిన 'ఇంటర్‌పర్సనల్ రిలేషన్స్ ఇన్ నర్సింగ్' అనే గ్రంథం 1952లో వెలువడినది. 1948 నాటికే అది పూర్తయినా, వైద్యుడు సహరచయితగా లేకుండా ఒక నర్సు గ్రంథం రాయడమేమిటన్న సంకోచం వల్ల ప్రచురణ ఆగిపోయినదని చెబుతారు. నర్సుకూ రోగికీ మధ్య ఏర్పడే సంబంధం చికిత్సలో ఒక భాగమని ఆమె వాదించారు. సంభాషణ ముగిసిన వెంటనే ఎవరు ఏమన్నారో మాట మాటగా రాసుకొని, తరువాత ఉపాధ్యాయురాలితో కలిసి పరిశీలించే ప్రాసెస్ రికార్డింగు పద్ధతిని నర్సింగు శిక్షణలో నిలబెట్టినవారిలోనూ ఆమె ఉన్నారు.

మా రికార్డు పుటలో నాలుగు నిలువు గళ్లు ఉంటాయి. మొదటి గడిలో రోగి మాట, రెండవదానిలో నర్సు మాట, మూడవదానిలో ఆ క్షణాన నర్సు మనసులో కలిగిన భావం, నాల్గవదానిలో ఉపయోగించిన పద్ధతి పేరు, అది ఫలించినదా లేదా అన్న విశ్లేషణ. రోగి ఎదుట కాగితం, కలం తీయరాదని మాకు నేర్పారు. మంచం దగ్గర నుంచి లేచి వచ్చి, నర్సుల గదిలో కూర్చుని, జ్ఞాపకం చెదరకముందే రాయాలి. ఇరవై నిమిషాల సంభాషణ రాయడానికి నాకు గంట పట్టేది. పద్ధతి ఎంతో మంచిది. కాని మాట మాటగా రాయాలన్న షరతును మేము మొదటి గడిలోనే భంగపరుస్తున్నాము. అది ఎంత దూరం పోతుందో నా అనుభవం నుంచే చెబుతాను.

నాకు అప్పగించిన రోగి నలభై ఏళ్లు దాటిన ఒక ముస్లిం గృహిణి. వైద్యశాల పేరు గాని, ఆమె పేరు గాని ఇక్కడ రాయను. గుర్తుపట్టడానికి వీలైన వివరాలను మార్చాను. 2018 మే 29 నుంచి అమలులో ఉన్న 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను రోగి హక్కుగా చేసినది. చట్టం లేకపోయినా అది మన ధర్మమే. ఆమె మాట్లాడేది దక్కనీ ఉర్దూ. నేను నల్లగొండ జిల్లా పల్లె నుంచి వచ్చిన తెలుగు పిల్లను. మూడేళ్ల హాస్టలు వాసం వల్ల దక్కనీ నాకు బాగానే అర్థమవుతుంది, తడబడుతూ మాట్లాడగలను. ఆమెను ఖాలా అని పిలిచేదానిని. ఆమె నన్ను బేటీ అనేది.

మొదటి మూడు రోజులు ఆమె ఉదయపు ఫలహారం ముట్టలేదు. పళ్లెం ముందు పెట్టగానే చేతితో పక్కకు నెట్టివేసేది. "కైకు నై ఖారే ఖాలా?" అని నేను అడిగేదానిని. ఆమె ఒక మాట అని గోడవైపు తిరిగేది. నేను నర్సుల గదికి వచ్చి మొదటి గడిలో ఇంగ్లీషులో ఒకే వాక్యం రాసేదానిని: రోగి ఆహారాన్ని నిరాకరించినది. మూడవ రోజున దానికి మరొక మాట చేర్చాను: సహకరించుట లేదు.

నాల్గవ రోజు మా రికార్డులు చూడడానికి వచ్చిన ఉపాధ్యాయురాలు ఆ వాక్యం మీద వేలు ఉంచి, "ఆమె ఏమన్నది?" అని అడిగారు.

"తినను అన్నది మేడమ్."

"అది నీవు రాసుకున్న మాట. ఆమె అన్న మాట చెప్పు."

నేను కొంతసేపు ఆలోచించి గుర్తు తెచ్చుకున్నాను. ఆమె అన్నది ఇది: "బచ్చీ భూకీ హై, మేరేకు నక్కో." పిల్ల ఆకలితో ఉన్నది, నాకు వద్దు.

మూడు రోజులు ఆ మాట నా చెవిన పడినది. అర్థం కూడా అయినది. అయినా నా కలం దానిలో సగమే, అదీ చివరి సగమే రాసినది. వినేటప్పుడే ఇంగ్లీషులోకి మార్చుకుంటూ విన్నాను గనుక రికార్డులో ఏది ఇముడుతుందో దానినే నా చెవి ఏరుకున్నది. పిల్ల సంగతి ఏ శీర్షిక కిందికీ రాలేదు. నిరాకరణ మాత్రం ఒక రోగలక్షణంగా చక్కగా ఇమిడిపోయినది. నాకు దక్కనీ రాకపోయి ఉంటే ఈ తప్పు ఇంత పెద్దదిగా నాకు తోచేది కాదు.

ఆ మధ్యాహ్నం మళ్లీ వెళ్లి, స్టూలు మంచం దగ్గరకు జరుపుకొని కూర్చున్నాను. ఈసారి ఎందుకు అని అడగలేదు. ఆమె మాటనే ఆమెకు తిరిగి అందించాను: "బచ్చీ భూకీ హై?" ఆ తరువాత ఊరుకున్నాను. ఊరుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసినది. ఏదో ఒకటి అనాలని నాలుక లాగుతూనే ఉన్నది. చాలాసేపటికి ఆమె ఇటు తిరిగి మాట్లాడడం మొదలుపెట్టినది. ఇంట్లో పన్నెండేళ్ల కూతురు నానమ్మ దగ్గర ఉన్నది. ఆ పిల్ల బడికి పోతున్నదో లేదో, వేళకు ఎవరు వండి పెడుతున్నారో ఈమెకు ఎవరూ చెప్పలేదు. ఈమెకు చెవిలో మాటలు వినిపిస్తాయి. వాటిలో ఒకటి పిల్ల ఏడుపు. జబ్బు ఎక్కడ ముగిసి తల్లి బెంగ ఎక్కడ మొదలైనదో నేను చెప్పలేను. ఉపాధ్యాయురాలికి చెప్పాను, ఆమె సిస్టర్ గారికి చెప్పారు. సిస్టర్ గారు డాక్టరుగారితో మాట్లాడి సాయంత్రం ఇంటికి ఫోను చేయించారు. పిల్ల గొంతు విని ఖాలా ఆ రాత్రి రెండు రొట్టెలు తిన్నది.

దీనిని నేను అద్భుతంగా చెప్పుకోవడం లేదు. మరునాటి ఉదయం ఆమె మళ్లీ పళ్లెం నెట్టివేసినది. చెవిలోని మాటలు తగ్గడానికి మందులకు వారాలు పట్టినది. అయితే వార్డు రౌండులో ఆమెను గురించి అడిగే ప్రశ్నలకు ఒకటి తోడైనది: ఇంటి నుంచి కబురు వచ్చినదా?

మా గ్రంథాలలో రీస్టేటింగ్ అనే పద్ధతి ఉన్నది. రోగి అన్నదానిలో ముఖ్యమైన మాటను తిరిగి పలకడం. క్లాసులో దీనిని అభ్యాసం చేసినప్పుడు చిలకపలుకులా ఉన్నదని మేము నవ్వుకున్నాము. అభ్యాసం ఇంగ్లీషులో జరిగినది గనుక అది నిజంగానే చిలకపలుకు. వార్డులో దాని బలం ఆ మాట రోగి సొంతమాట కావడంలో ఉన్నది. నేను అనువదించి పలికితే అది నా వ్యాఖ్యానం అవుతుంది. "మీరు మీ కుమార్తె విషయమై ఆందోళన చెందుతున్నారా?" అని పాఠ్యపుస్తకపు భాషలో అడిగి ఉంటే ఆమె హౌ అనో, నై అనో అని మళ్లీ గోడవైపు తిరిగేదని నా నమ్మకం. రోగి మాటలను ఇంగ్లీషులో రాసుకునే విద్యార్థిని వాటిని తిరిగి పలకాలంటే ముందు మళ్లీ వెనక్కి అనువదించాలి. రెండు అనువాదాల మధ్య రోగి ఎక్కడో జారిపోతుంది.

ఇది ఉర్దూ మాట్లాడే రోగులకు మాత్రమే చెందిన సమస్య అని తెలుగు విద్యార్థులు అనుకోరాదు. పురుషుల వార్డులో ఒక రైతు తనకు "రంది పట్టుకున్నది" అన్నాడు. గుంటూరు జిల్లా నుంచి వచ్చిన నా సహాధ్యాయినికి ఆ మాట తెలియదు. డిప్రెస్డ్ అని రాసుకొని వచ్చినది. బెంగ, దిగులు, రంది, మనాది – వీటిని ఒకదాని బదులు ఒకటి వాడలేము. బెంగకు ఒక మనిషి ఉంటాడు. బిడ్డ తల్లి మీద బెంగపెట్టుకుంటుంది. దిగులుకు ఒక్కొక్కసారి కారణమే కనిపించదు. మా వైపు రంది అంటే ఎక్కువగా రేపటి చింత: అప్పు, పంట, ఆడపిల్ల పెళ్లి. మనాది అంటే లోపల పెట్టుకొని కృశించిపోవడం. ఉర్దూలో ఘబ్రాహట్ వేరు, దిల్ బైఠ్ జానా వేరు. మొదటిదానిలో గుండె తత్తరపడుతుంది, రెండవదానిలో కుంగిపోతుంది. మేము వీటన్నిటినీ యాంగ్జైటీ, డిప్రెషన్ అనే రెండు డబ్బాలలో పోసి మూత పెడుతున్నాము. రోగనిర్ణయానికి వైద్యుడికి ఆ పేర్లు కావాలి, సందేహం లేదు. మొదటి గడి మాత్రం రోగిది.

మరొక సంగతి మరింత గంభీరమైనది. మా బ్యాచిలో ఒక రికార్డులో, రోగి తనపై నీడ ఉన్నదని నమ్ముతున్నది, ఇది డెల్యూజన్ అని రాసి ఉన్నది. ఆ రోగి అన్న మాట "సాయా". ఆమె బస్తీలో కొత్త కోడలికి జ్వరం వచ్చినా, పసిబిడ్డ పాలు తాగకపోయినా సాయా అనో, అసర్ అనో, నజర్ అనో అంటారు. మన తెలుగు పల్లెలలో గాలి సోకిందని, దిష్టి తగిలిందని అనడం లేదా? ఒక సమాజమంతా పంచుకునే నమ్మకాన్ని డెల్యూజన్ అనరాదని మా మానసిక వైద్య గ్రంథాలే చెబుతున్నాయి. సాయా అని ఉన్నది ఉన్నట్లు రాసి ఉంటే ఉర్దూ తెలిసిన ఏ ఉపాధ్యాయురాలైనా ఆ తేడా పట్టుకునేవారు. ఇంగ్లీషులో నీడ అయ్యేసరికి ఆమెకు లేని లక్షణం ఒకటి ఆమె పేరిట నమోదయినది.

ఆ నమ్మకాలను మనము సమర్థించాలని దీని అర్థం కాదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా సమీపాన ప్రైవేటు వ్యక్తులు నడిపిన ఆశ్రయంలో నిప్పంటుకొన్నప్పుడు గొలుసులతో కట్టివేసి ఉన్న రోగులు పారిపోలేకపోయారు. 28 మంది మరణించారు. గొలుసులతో బంధించడాన్ని 2017 చట్టం పూర్తిగా నిషేధించినది. దర్గాకు, గుడికి పోయి వచ్చినవారిని హేళన చేయకుండా, మందు కూడా మానవద్దని చెప్పగలగడం నర్సు నేర్పు. తావీజును గురించి రోగి ఏమంటున్నదో ఆమె మాటలలో వినకుండా ఆ నేర్పు ఎట్లా వస్తుంది?

మన ఇళ్లలో రోగిని చూడవచ్చినవారు చేసే పరామర్శను గురించి కూడా ఒక మాట. తెలుగు ఇంట "దేవుడున్నాడు, అంతా మంచే జరుగుతుంది" అంటాము. ముస్లిం ఇంట ఇయాదత్‌కు వచ్చినవారు "అల్లా సబ్ ఠీక్ కరేగా" అంటారు. మా గ్రంథాలు దీనిని ఫాల్స్ రీఅష్యూరెన్స్ అని, అంటే ఆధారం లేని భరోసా అని, తప్పుల పట్టికలో చేర్చాయి. గ్రంథం ఇక్కడ కొంచెం తొందరపడినదని నాకనిపిస్తుంది. "ఇన్షా అల్లా" అన్న మాట అన్ని వేళలా అబద్ధపు భరోసా కాదు. అనేవారి గొంతులో మర్యాద ఉండవచ్చు, వినేవారికి ఊరట ఉండవచ్చు. కాని నేను రెండవ రోజున ఖాలాతో ఆ మాట అన్నది ఆమె ఏడుపు ఆపడానికే, అక్కడి నుంచి లేచిపోవడానికే. ఆమెకు అది తెలిసిపోయినది. ఆ పూట ఇక మాట్లాడలేదు. రికార్డులో నా మాటను కూడా ఇంగ్లీషులోకి మార్చినందువల్ల, రోగికి ధైర్యం చెప్పడమైనది అని గౌరవంగా కనబడినది. నేను అన్న ఉర్దూ మాటే అక్కడ ఉంటే నా తప్పు నాకే కనిపించేది.

ఎదురు కూర్చోవడం, కళ్లలోకి చూడడం వంటి పుస్తకపు సూచనలను కూడా మేము వార్డులోనే సవరించుకున్నాము. పెద్దవారి కళ్లలోకి తదేకంగా చూడడం మన రెండు సంప్రదాయాలలోనూ మర్యాద కాదు గదా. పక్కగా కూర్చుంటే ఖాలా ఎక్కువ మాట్లాడేది.

ఇక ఆక్షేపణలు. బయటి నుంచి వచ్చే పరీక్షకులకు ఉర్దూ గాని తెలుగు గాని రాకపోవచ్చునని అంటారు. నిజమే. అందుకే మూడవ, నాల్గవ గళ్లు ఇంగ్లీషులోనే ఉండనివ్వండి. మొదటి రెండు గళ్లలో మూలవాక్యం కింద ఇంగ్లీషు అనువాదం సన్నని అక్షరాలలో రాస్తాము. శ్రమ పెరుగుతుంది. పెరగనివ్వండి. ఉర్దూ లిపి రానివారు ఏమి చేయాలని మరొక ప్రశ్న. దక్కనీని తెలుగు లిపిలో రాయవచ్చు. ఈ వ్యాసంలో నేను చేసినది అదే. కావలసినది రోగి పలుకు. అది ఏ లిపిలో ఉన్నా పరవాలేదు.

అన్నిటికంటె బలమైన ఆక్షేపణ ఉద్యోగాలది. మన విద్యార్థినులలో పలువురు గల్ఫ్ దేశాలకో, ఇంగ్లండుకో పోవాలని ఆశపడుతున్నారు. ఓ.ఇ.టి. వంటి పరీక్షలు ఇంగ్లీషులోనే ఉంటాయి, ఇంగ్లీషు సాధన తగ్గితే నష్టపోతారని తల్లిదండ్రుల భయం. ఈ భయాన్ని నేను తేలికగా తీసుకోవడం లేదు. మా ఇంట్లోనూ ఇదే మాట. కాని ఇప్పుడు మేము రాస్తున్న "రోగి నిరాకరించినది, రోగి సహకరించుట లేదు" అన్న అచ్చువాక్యాల వల్ల ఇంగ్లీషు పెరుగుతున్నదా? ఒక తల్లి అన్న దక్కనీ వాక్యాన్ని దాని రుచి చెడకుండా ఇంగ్లీషులో పెట్టడానికి ప్రయత్నించిన విద్యార్థినికే ఆ భాష ఎక్కువ అలవడుతుంది. రియాద్‌కు పోయిన నర్సుకు అక్కడ అరబ్బీ మాట్లాడే రోగి ఎదురుపడినప్పుడు కూడా పనికివచ్చేది ఈ అలవాటే.

2017 చట్టంలోని 22వ సెక్షను రోగికి అతని జబ్బు గురించి, చికిత్స గురించి అతనికి అర్థమయ్యే భాషలో తెలిపాలని చెబుతున్నది. మనము రోగికి చెప్పేది అతని భాషలో ఉండాలని చట్టమే కోరుతున్నప్పుడు, అతడు మనకు చెప్పేదానిని అతని భాషలో రాసుకోవడానికి ఒక కళాశాల కమిటీ అనుమతి పెద్ద విషయం కాదు. పైగా ఈ పని చేయడానికి మన కళాశాల కంటె తగిన చోటు ఏది? ఈ సంచికనే చూడండి. ఒక వైపు నుంచి తెరిస్తే తెలుగు పుటలు, మరొక వైపు నుంచి తెరిస్తే ఉర్దూ పుటలు. రెండు శాఖల అధ్యాపకులూ ఒకే వరండాలో కూర్చుంటారు. పోస్టింగుకు ముందు రెండు గంటలు వారు మాకు కేటాయిస్తే, బాధను చెప్పే మాటలు రెండు భాషలలోనూ ఎన్ని ఉన్నాయో, ఏ జిల్లాలో ఏ అర్థమో నేర్చుకుని వార్డుకు పోగలము. పోస్టింగు నుంచి వచ్చిన ప్రతి బ్యాచి తాను విన్న కొత్త మాటలను ఒక నోటుపుస్తకంలో చేర్చి తరువాతివారికి అప్పగించవచ్చు. మా బ్యాచి అట్టి నోటుపుస్తకం ఒకటి ప్రారంభించినది. ఇప్పటికి అరవై మాటలు చేరాయి.

నా రికార్డులోని నాల్గవ రోజు పుటను, పేర్లు కొట్టివేసి, ఉపాధ్యాయురాలి అనుమతితో నకలు తీసి ప్రిన్సిపాలుగారి కార్యాలయంలో ఇచ్చాను. మొదటి మూడు రోజుల పుటలు కూడా దానితో జతచేశాను. వచ్చే బ్యాచి రికార్డు పుస్తకాలు అచ్చుకు వెళ్లకముందు కమిటీ పెద్దలు ఆ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూడాలని సవినయంగా మనవి చేస్తున్నాను.